నాన్న ట్యాబ్ రీసెట్ కొట్టే ముందు ఇది చదువు అల్లుడూ

ఒరే అల్లుడూ,

నిన్న రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ రెండు సార్లు విన్నాను. నాన్న ట్యాబ్ లాక్ అయిపోయింది మావయ్యా, ఆయన పోయాక ప్యాటర్న్ ఎవరికీ తెలీదు, జీమెయిల్ పాస్‌వర్డ్ కూడా తెలీదు, వీడియో చూసి రీసెట్ కొట్టేస్తా, చెల్లికి ఇంటర్ క్లాసులకి పనికొస్తుంది అన్నావు. వెంటనే ఫోన్ చేద్దామనుకున్నా గానీ నువ్వు నైట్ షిఫ్ట్‌లో ఉంటావు, పైగా ఇది ఫోన్లో చెప్తే సగం చెవిన పడి సగం పోద్ది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఇది చదవడం అయ్యేదాకా ఆ ట్యాబ్ మీద చెయ్యి వెయ్యకు. ప్యాటర్న్ కూడా గీయకు. ముఖ్యంగా స్క్రీన్ తుడవకు, ఎందుకో కింద చెప్తా.

రాజమండ్రిలో ఇరవై రెండేళ్ళు రిపేర్ షాపు నడిపాను కదరా, ట్యాబ్ లాక్ అయిందని వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ముందు రీసెట్ కొట్టేసి ఆ తర్వాతే నా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఒకావిడ వాళ్ళాయన పోయిన మూడో నెలలో ట్యాబ్ పట్టుకొచ్చింది, ఎవరో కుర్రాడు రీసెట్ కొట్టిచ్చాడంట, అంటే లోపలున్నదంతా చెరిగిపోయింది, తెర మీద పాత గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అవ్వమని అడుగుతోంది, ఆవిడ మాత్రం "లోపల ఆయన ఫోటోలు ఉన్నాయి బాబూ" అంటోంది. ఫోటోలు లేవమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజు నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. నీ మెసేజ్ వినగానే నాకు ఆవిడే గుర్తొచ్చింది.

నువ్వు ఒకటే లాక్ అనుకుంటున్నావు గానీ అక్కడ రెండున్నాయి. ప్యాటర్న్ అనేది గది తలుపుకి వేసిన గడియ లాంటిది. గూగుల్ అకౌంట్ అనేది పట్టా పుస్తకంలో పేరు లాంటిది. గడియ విరగ్గొట్టి లోపలికి వెళ్ళినా పట్టా నీ పేరు మీదకి రాదు కదా, ఇదీ అంతే, బటన్లు నొక్కి రీసెట్ కొడితే ప్యాటర్న్ పోద్ది గానీ ఆన్ అవ్వగానే ఇంతకుముందు ఇందులో ఉన్న అకౌంట్ చూపించు అంటుంది. షాపుల్లో దీన్ని ఎఫ్‌ఆర్‌పీ (ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్) లాక్ అంటాం, గూగుల్ లాక్ అని కూడా అంటారు. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చింది, దొంగిలించినవాడు రీసెట్ కొట్టి అమ్ముకోకుండా పెట్టారు. అది దొంగని ఆపడానికి పెట్టిందే, నీ చేతిలో ట్యాబ్ ఉంటే నువ్వు కొడుకువో దొంగవో దానికి తెలీదు. ఇంకో సంగతి, ఇప్పటి ట్యాబ్‌లలో లోపలున్నదంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళంచెవి లేకుండా ఎవరూ చదవలేనట్టు మారి ఉంటుంది, రీసెట్ కొట్టగానే దాన్ని విప్పే తాళంచెవి కూడా చెరిగిపోద్ది, ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ ఏ ల్యాబూ వెనక్కి తేలేదు. తెస్తామని ఎవడన్నా చెప్తే నమ్మకు.

అందుకే ముందు లోపల ఏముందో ఆలోచించు. బావ ఆ ట్యాబ్‌ని హార్మోనియం పక్కన బిందెకి ఆనించి పెట్టి పద్యాలు రికార్డ్ చేసుకునేవాడు, కార్తీకమాసంలో గుడి దగ్గర పాడినవి నాకు రెండు వినిపించాడు, చివర్లో రాగం తీసేటప్పుడు దగ్గొచ్చి ఆగిపోయి నవ్వి మళ్ళీ అందుకున్నాడు, ఆ నవ్వు కూడా అందులో ఉందిరా. చెల్లి క్లాసులకి ఇంకో ట్యాబ్ కొనుక్కోవచ్చు, కావాలంటే నేను కొనిస్తా.

మొదటి పని మెమరీ కార్డ్. సిమ్ ట్రే పక్కనో కింద అంచులోనో చిన్న బెజ్జం ఉంటుంది చూడు, పిన్నుతో నొక్కితే ట్రే బయటికి వస్తుంది. పిన్ను లేకపోతే పేపర్ క్లిప్ సాగదీసి వాడు, కానీ మైక్ బెజ్జంలో మాత్రం గుచ్చకు, రెండూ ఒకేలా ఉంటాయి, ట్రే చుట్టూ సన్నగా గీత ఉన్నదే సరైనది. కార్డ్ ఉంటే తీసి నీ ఫోన్లో వేసి చూడు. మామూలుగా వాడిన కార్డ్ అయితే ఫైళ్ళు తెరుచుకుంటాయి, రికార్డింగ్‌లు అందులో ఉండే అవకాశం బాగానే ఉంది. ఒకవేళ ఫార్మాట్ చెయ్యాలి అని అడిగితే వద్దు అని నొక్కి కార్డ్ తీసేసి పక్కన పెట్టు, ఫార్మాట్ ఓకే చెయ్యకు.

ఇప్పుడు స్క్రీన్ ఎందుకు తుడవద్దన్నానో చెప్తా. ట్యాబ్ ఆఫ్ చేసి కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడు, రోజూ ఒకే గీత గీసిన చోట వేలి జిడ్డు మరకలా కనిపిస్తుంది. బావ ప్యాటర్న్ ఎప్పుడూ ఒకటే వాడేవాడు కాబట్టి ఇది పనిచెయ్యొచ్చు, షాపులో చాలాసార్లు పనిచేసింది. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కాగితం మీద గీసుకో, అప్పుడు ఒకటి రెండు సార్లు ప్రయత్నించు, అంతే. ఊరికే తోచినట్టు గీస్తూ పోతే వెయిట్ చెయ్యమనే టైం పెరిగిపోతూ ఉంటుంది, కొన్ని ట్యాబ్‌లలో ఇన్నిసార్లు తప్పు గీస్తే అదే చెరిగిపోయే సెట్టింగ్ కూడా ఉంటుంది, బావ అది ఆన్ చేసి ఉంటే నీ చేత్తో నువ్వే తుడిచేసినట్టు అవుద్ది.

రెండో పని, ఇది అసలు పని, బావ ఫోన్. బీరువాలో స్విచాఫ్ చేసి పెట్టారు కదా. దాని పిన్ అక్కకి, అదే మీ అమ్మకి, తెలుసు, బావ హాస్పిటల్లో ఉన్నప్పుడు తనే తీసి అందరితో మాట్లాడేది. పాస్‌వర్డ్ తెలీదు అకౌంట్ పోయింది అని నువ్వు అనుకుంటున్నావు గానీ ఆ ఫోన్లో అదే జీమెయిల్ లాగిన్ అయి ఉంటే అకౌంట్ ఎక్కడికీ పోలేదు. అక్కని పక్కన కూర్చోబెట్టుకుని తనతో చెప్పి చెయ్యి, తనకి తెలీకుండా తియ్యకు. ఛార్జింగ్ పెట్టు, మీ ఇంటి వైఫైకే కలుపు, సెట్టింగ్స్‌లో గూగుల్ అని ఉంటుంది, అక్కడ ఏ మెయిల్ ఉందో చూసి అక్షరం అక్షరం రాసుకో. బావకి రెండు మెయిల్స్ ఉండేవని నాకు గుర్తు, ట్యాబ్‌లో ఉన్నది ఏదో కూడా తేల్చుకోవాలి. అక్కడే గూగుల్ ఫోటోస్ తెరిచి బ్యాకప్ అయినవి ఏమున్నాయో చూడు, వాట్సాప్‌లో ఆయన నాటకాల గ్రూప్ ఉంది, అందులో పద్యాలు పంపేవాడు, అవన్నీ ముందు నీ ఫోన్‌కి దించుకో.

తర్వాత అదే ఫోన్లో గూగుల్ లాగిన్ పేజీకి వెళ్ళి పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కు. చాలాసార్లు ఆ ఫోన్‌కే ఇది మీరేనా అని అడుగుతుంది, లేదా ఫోన్ పిన్ అడుగుతుంది, లేదా నంబర్‌కి కోడ్ పంపుతుంది. పాత పాస్‌వర్డ్ ఏదన్నా గుర్తుందా అని అడిగితే తెలీదని వదిలెయ్యకు, బావ రాసుకునే అలవాటున్న మనిషి, గ్యాస్ పుస్తకం అట్ట లోపల, గోడ క్యాలెండర్ వెనక, డైరీ చివరి పేజీల్లో వెతకండి, పాతది దొరికినా అక్కరకొస్తుంది. ఎప్పుడూ వాడిన ఫోన్, ఎప్పుడూ వాడిన ఇల్లు, ఎప్పుడూ వాడిన వైఫై, ఇవన్నీ గూగుల్ లెక్కలోకి తీసుకుంటుంది, అందుకే నువ్వు బెంగళూరులో కూర్చుని నీ ల్యాప్‌టాప్‌లో ప్రయత్నిస్తే కాని పని ఇంట్లో అవ్వొచ్చు. కుదరకపోతే గంటలో పదిసార్లు కొట్టకు, ఒకటి రెండు రోజులు ఆగి మళ్ళీ చెయ్యి.

సిమ్ సంగతి మాత్రం ఈ వారమే చూడు, ఇది వాయిదా వెయ్యకు. బావ పోయి రెండు నెలలైంది. మన దేశంలో ప్రీపెయిడ్ నంబర్ 90 రోజులు ఏమీ వాడకపోతే కంపెనీ దాన్ని ఆపెయ్యొచ్చు, ఆ తర్వాత కొన్నాళ్ళకి వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు, అప్పుడు ఆ ఓటీపీలన్నీ ఎవడికో పోతాయి. రీఛార్జ్ చేసి ఒక కాల్ చెయ్యి, డెత్ సర్టిఫికెట్, అక్క ఆధార్ తీసుకుని ఆ కంపెనీ స్టోర్‌కి వెళ్ళి నంబర్ అక్క పేరు మీదకి మార్పించు. ట్యాబ్ కోసమే కాదు, బ్యాంకు, పెన్షన్, ఎల్ఐసీ అన్నీ ఆ నంబర్‌కే ఉన్నాయి కదా.

పాస్‌వర్డ్ మారిందనుకో, వెంటనే రీసెట్ కొట్టకు. కొత్త పాస్‌వర్డ్ అన్నిటికీ చేరేదాకా 24 గంటలు ఆగమని గూగులే చెప్తుంది, చాలామంది తొందరపడి ఇక్కడే ఇరుక్కుంటారు. ఇంకోటి, పాస్‌వర్డ్ దొరికినా ట్యాబ్ ప్యాటర్న్ తెరుచుకోదు, అప్పట్లో పాత ఆండ్రాయిడ్‌లో ఆ దారి ఉండేది, ఇప్పుడు లేదు. కాబట్టి ట్యాబ్ లోపల మాత్రమే ఉన్నది దక్కాలంటే ప్యాటర్న్ ఒక్కటే దారి, అది దొరకకపోతే పోయినట్టే అని మనసు గట్టి చేసుకుని, అక్కకి కూడా చెప్పి, అప్పుడు కొట్టు. నన్నడిగితే ఆర్నెల్లు అలా ఉంచి చూస్తాను, ఎవరికో ఒకరికి ఆ గీత గుర్తురావచ్చు.

రీసెట్ కొట్టడం ఇందులో చాలా చిన్న పని. ఛార్జింగ్ 70 శాతం దాటాక ట్యాబ్ ఆఫ్ చేసి పవర్, వాల్యూమ్ పెంచే బటన్ కలిపి పట్టుకో, కంపెనీ పేరు కనిపించాక నల్ల స్క్రీన్ మీద ఇంగ్లీష్ మెనూ వస్తుంది. బావది శామ్‌సంగ్ కదా, కొత్త మోడళ్ళలో కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి ఉంటేనే ఆ మెనూ వస్తుంది, రాలేదని కంగారు పడకు. అక్కడ వేలితో తాకితే పనిచెయ్యదు, వాల్యూమ్ బటన్‌తో కిందకి దిగి వైప్ డేటా ఫ్యాక్టరీ రీసెట్ మీద ఆగి పవర్ నొక్కాలి, అయిపోయాక రీబూట్ సిస్టం నౌ. మొదటిసారి ఆన్ అవ్వడానికి చాలాసేపు పడుతుంది, మధ్యలో ఆపకు. అకౌంట్ అడిగినప్పుడు బావ మెయిల్, కొత్త పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్ళు, ఆ తర్వాత చెల్లి అకౌంట్ కలిపి, సెట్టింగ్స్‌లోంచి బావ అకౌంట్‌ని ఆ ట్యాబ్ వరకు తీసెయ్. అకౌంట్ మొత్తం డిలీట్ చేసే బటన్ వేరే ఉంటుంది, దాని జోలికి పోకు. రెండేళ్ళు ఎవరూ తెరవని అకౌంట్లని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి తీసేస్తోంది, అందుకే అప్పుడప్పుడు అక్క ఆ ఫోన్లో మెయిల్ తెరిచి చూస్తూ ఉండాలి.

ఏ దారీ కుదరలేదనుకో, బిల్లు వెతుకు. కొన్న బిల్లు, బాక్స్ మీది సీరియల్ నంబర్, డెత్ సర్టిఫికెట్, అక్క ఆధార్ తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్ళి అడుగు, కొన్నది మనమే అని చూపిస్తే లాక్ తీసే అవకాశం ఉంటుంది, డేటా మాత్రం రాదు. చనిపోయినవాళ్ళ అకౌంట్ గురించి గూగుల్‌కి కుటుంబం వాళ్ళు అర్జీ పెట్టుకునే ఫారం ఉంది, పాస్‌వర్డ్ ఇవ్వరు గానీ కొన్ని సందర్భాల్లో లోపలున్నది ఇస్తారు, టైం పడుతుంది. మీ ఆఫీసులో అమ్మాయి ఐప్యాడ్ కూడా ఇలాగే లాక్ అయిందన్నావు కదా, దానికీ ఇంతే, 2013 నుంచి యాపిల్‌లో యాక్టివేషన్ లాక్ ఉంది, సీరియల్ నంబర్ ఉన్న బిల్లు పెట్టి యాపిల్ సపోర్ట్‌కే అడగమను. స్కూల్ ట్యాబ్ అయితే కథ వేరు, 2022 డిసెంబర్లో ఆంధ్రాలో ప్రభుత్వ స్కూళ్ళ ఎనిమిదో తరగతి పిల్లలకి ఇచ్చారు కదా అలాంటివి, వాటిలో కంట్రోల్ సాఫ్ట్‌వేర్ వేరే ఉంటుంది, ఇంట్లో రీసెట్ కొట్టకూడదు, హెడ్‌మాస్టర్ ద్వారానే వెళ్ళాలి.

నువ్వు చూసిన వీడియో కింద ఎవడో నంబర్ పెట్టి ఐదొందలు పంపు పది నిమిషాల్లో లాక్ బైపాస్ చేస్తా, అంటే అకౌంట్ లేకుండానే దాటిస్తా అన్నాడన్నావు. పంపకు అల్లుడూ. వాడు ఇచ్చే ఫైల్ నీ ల్యాప్‌టాప్‌లో వేస్తే అందులో ఏముందో నీకు తెలీదు, స్క్రీన్ షేర్ యాప్ వేసుకోమంటే అసలు వద్దు, ఈ మధ్య బ్యాంకు డబ్బులు పోయేది ఆ దారిలోనే. ఇప్పటికే ఏమన్నా పంపి ఉంటే దాచకుండా చెప్పు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేద్దాం, తిట్టను.

శనివారం నువ్వు ఇంటికి వస్తావు కాబట్టి ఫోన్ ఛార్జింగ్ పెట్టి ఉంచమని అక్కకి ఇప్పుడే చెప్తున్నా. నేను పొద్దున్న బస్సుకి వస్తా, పిన్ను, కార్డ్ రీడర్, కేబుల్ నా దగ్గరే ఉన్నాయి, తెస్తా. ఈలోపు ట్యాబ్‌ని ఆ గుడ్డ కవర్లోంచి తీసేసి, స్క్రీన్‌కి ఏమీ రాసుకోకుండా బీరువా పై అరలో పెట్టమను.

మీ మావయ్య