చవక ధర క్లాసికల్ సీడీలు: నాక్సాస్ కొనొచ్చా?

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం కొత్తగా వినడం మొదలుపెట్టానని, పాత సీడీల షాపులో నాక్సాస్ లాంటి చవక సీడీలు కుప్పలుగా కనిపిస్తున్నాయని రాశారు. అవి కొంటే డబ్బు దండగేనా, పెద్ద కంపెనీలవే కొనాలా అని మీ ప్రశ్న. నాక్సాస్ అయితే నిశ్చింతగా కొనండి. అమెరికాలో చదువుకునే రోజుల్లో నేను ఈ సంగీతం నేర్చుకున్నదే ఆ తెల్ల అట్టల సీడీలతో. పెద్ద కంపెనీల కొత్త సీడీ పదహారు పదిహేడు డాలర్లుండేది. నాక్సాస్‌ది ఆరేడు డాలర్లకే వచ్చేది. స్కాలర్‌షిప్ డబ్బుతో బతికేవాడికి ఆ తేడా ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు.

అంత తక్కువకి ఎలా అమ్మారో తెలిస్తే మీ అనుమానం సగం తీరిపోతుంది. హాంగ్‌కాంగ్‌లో ఉండే క్లాస్ హైమన్ అనే జర్మన్ వ్యాపారి 1987లో ఈ కంపెనీ పెట్టాడు. ఆయన స్టార్ కళాకారుల జోలికి పోలేదు. బ్రాటిస్లావా, బుడాపెస్ట్, కాటోవిత్సె లాంటి తూర్పు యూరప్ ఊళ్లలోని ఆర్కెస్ట్రాలతో, పశ్చిమ దేశాల్లో పెద్దగా పేరులేని కళాకారులతో రికార్డు చేయించాడు. ఒకసారి ఇంత అని డబ్బు ఇచ్చేవాడు, తర్వాత అమ్మకాల మీద రాయల్టీ ఉండేది కాదు. కళాకారుల వైపు నుంచి చూస్తే ఇది న్యాయమా అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. అయితే ధర తగ్గింది ఇక్కడే, వాయించే చేతుల దగ్గర కాదు. ఆకాశవాణి నిలయ విద్వాంసుల్ని గుర్తు తెచ్చుకోండి. పోస్టర్ల మీద వాళ్ల పేర్లు కనిపించవు, కానీ రోజూ మైకు ముందు కూర్చుని వాయించిన సాధన ఉంటుంది. కాటోవిత్సెలోని పోలిష్ రేడియో ఆర్కెస్ట్రా అలాంటిదే.

ఆ ఆర్కెస్ట్రా, కండక్టర్ (అంటే ఆర్కెస్ట్రాని నడిపించేవాడు) ఆంతొని విట్ చేతి కింద వాయించిన, పోలిష్ స్వరకర్త గొరెత్స్కీ మూడో సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద కృతి) తప్పకుండా వినండి. 1992లో నన్‌సచ్ కంపెనీ తెచ్చిన రికార్డింగు, అమెరికన్ గాయని డాన్ అప్‌షా గొంతుతో, పది లక్షలకు పైగా అమ్ముడై ఆ సింఫనీని ప్రపంచానికి పరిచయం చేసింది. నాక్సాస్‌లో పాడినది జోఫియా కిలనోవిచ్ అనే పోలిష్ గాయని. సాహిత్యం పోలిష్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ మాటలు సొంత భాషగా పలికే గొంతులో వినిపిస్తాయి. నా దగ్గర రెండూ ఉన్నాయి. నేను ఎక్కువసార్లు పెట్టుకునేది చవకదే.

పియానోకి వస్తే, హంగరీకి చెందిన యెనో యాండో ఈ కంపెనీకి వెన్నెముక. బేథోవెన్ సొనాటాలన్నీ (ఇవి పియానో ఒక్కటే వాయించే కృతులు), హైడన్ సొనాటాలన్నీ, మోట్సార్ట్ కాన్చెర్టోలూ (ఆర్కెస్ట్రాతో కలిసి పియానో వాయించేవి) వాయించాడు. 2023లో పోయాడు. ఆయనది ఆర్భాటం లేని వాయింపు, స్వరం స్వరం తేటగా వినిపిస్తుంది, కొత్తగా వినేవాళ్లకి అదే కావాలి. బేథోవెన్ చివరి సొనాటాల్లో మాత్రం నాకు ఇంకాస్త లోతు కావాలనిపిస్తుంది. అక్కడ జర్మన్ పియానో విద్వాంసుడు కెంఫ్ లాంటి పాత మహానుభావుల రికార్డింగులకు వెళతాను. అవీ ఇప్పుడు పెద్ద కంపెనీల చవక సిరీస్‌లలో దొరుకుతున్నాయి.

లోపాలు లేవని కాదు. తొలి సంవత్సరాల సింఫనీ సీడీల్లో కొన్నిటిలో వయొలిన్ల బృందం పలచగా వినిపిస్తుంది. బేథోవెన్ తొమ్మిది సింఫనీలు కావాలంటే బేలా ద్రాహోష్ అనే కండక్టర్ బుడాపెస్ట్ చిన్న ఆర్కెస్ట్రాతో తర్వాత చేసినవి తీసుకోండి. చురుగ్గా, శుభ్రంగా ఉంటాయి.

నిజంగా జాగ్రత్త పడాల్సిన సరుకు వేరే ఉంది. 1990ల ప్రాంతంలో సూపర్‌మార్కెట్లలో, పెట్రోలు బంకుల్లో అమ్మిన సీడీల మీద అల్బెర్తో లిట్సియో అనే కండక్టర్ పేరు కనిపిస్తుంది. అలాంటి మనిషే లేడు. ఆల్ఫ్రెడ్ షోల్ట్స్ అనే నిర్మాత ఎవరెవరివో టేపులకు తగిలించిన పేరది. వాటిలోనూ అక్కడక్కడా మంచి వాయింపు దొరకొచ్చు, కానీ ఎవరు వాయించారో చెప్పని సంగీతానికి నేను డబ్బు పెట్టను. వాయించిన మనిషికి దక్కాల్సిన కనీస గౌరవం అది. అందుకే సీడీ వెనక్కి తిప్పి చూడండి: ఆర్కెస్ట్రా, కండక్టర్, రికార్డు చేసిన చోటు, తేదీ ఉన్నాయా? నాక్సాస్ ఇవన్నీ ఇస్తుంది. లోపలి పుస్తకంలో కీత్ ఆండర్సన్ రాసిన పరిచయాలు కూడా ఉంటాయి. నాకు పాఠ్యపుస్తకాలు అవే.

బ్రిలియంట్ క్లాసిక్స్ అనే మరో చవక కంపెనీ పెద్ద పెట్టెల సంగతి కొంచెం వేరు. నెదర్లాండ్స్‌లో క్రౌడ్‌వాట్ అనే దుకాణాల్లో అమ్మడం కోసం లూసింక్ అనే డచ్ కండక్టర్ బృందం 1999, 2000లలో బాఖ్ కాంటాటాలన్నీ (గాయకులూ ఆర్కెస్ట్రా కలిసి చేసే, ఎక్కువగా చర్చి కోసం రాసిన కృతులు) గబగబా రికార్డు చేసింది. ఆ హడావుడి వినిపిస్తుంది, కొన్నిచోట్ల పిల్లల గొంతులు అలసిపోయినట్టే ఉంటాయి. అయినా సుమారు రెండు వందల కాంటాటాలు ఒకే పెట్టెలో, సామాన్యుడు కొనగలిగే ధరలో రావడం నాకు గొప్ప విషయమే. మొదటి పెట్టెగా మాత్రం అది వద్దు. అన్ని సీడీలు చూసి బెదిరిపోతారు.

అసలు చవక సీడీ ఇచ్చే లాభం ఏమిటంటే, పేరు ఎప్పుడూ వినని స్వరకర్త మీద ధైర్యం చేయగలగడం. పదిహేడు డాలర్లయితే నేను హైడన్ క్వార్టెట్లు (రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిసి వాయించేవి) ముట్టుకునేవాణ్ణే కాదు. ఇప్పుడు అవి లేకుండా నాకు ఆదివారం గడవదు. మీరూ అక్కడే మొదలుపెట్టండి: కొడాయ్ క్వార్టెట్ అనే బృందం వాయించిన, హైడన్ ఓపస్ 76 (ఓపస్ అంటే కృతి సంఖ్య) క్వార్టెట్లలో మొదటి మూడు ఉన్న నాక్సాస్ సీడీ. మూడోదాంట్లో రెండో భాగం ముందు వినండి. ఈనాటి జర్మనీ జాతీయ గీతం బాణీయే అది. నాలుగు వాయిద్యాలూ వంతులవారీగా ఆ బాణీని మార్చకుండా పట్టుకుంటాయి, చుట్టూ మిగతావి మారుతూ ఉంటాయి. కీర్తన విని పెరిగిన చెవికి ఇది ఇట్టే పట్టుబడుతుంది.