లాసిక్ అయిన కంటికి గ్లకోమా ఆపరేషన్.. స్టెరాయిడ్ చుక్కలు ఆపేయొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ, వయసు 41. పదేళ్ల కింద కళ్లద్దాలు అక్కర్లేకుండా లాసిక్ (లేజర్ ఆపరేషన్) చేయించుకున్నాను. గ్లకోమా (కంటి ప్రెషర్ వల్ల నరం దెబ్బతినే జబ్బు) అని ఈ మధ్య కుడి కంటికి ట్రాబెక్యులెక్టమీ, అంటే కంట్లో నీరు బయటికి పోవడానికి కొత్త దారి చేసే ఆపరేషన్ చేశారు. నాలుగో రోజు నుంచి చూపు మసకబారింది, వెలుతురు చూడలేకపోతున్నాను. పాత లేజర్ పొర కింద వాపు వచ్చిందని చెప్పి గంటకోసారి స్టెరాయిడ్ చుక్కలు వేయమన్నారు. గ్లకోమా ఉంటే స్టెరాయిడ్ వాడొద్దని మెడికల్ షాపతను అంటున్నాడు. ఆపేయమంటారా?

జవాబు: ఆపకండి. షాపతను చెప్పింది పూర్తిగా తప్పేమీ కాదు, స్టెరాయిడ్ వల్ల కొందరికి కంటి ప్రెషర్ పెరుగుతుంది. కానీ మీ డాక్టర్ చెప్పిన వాపు తగ్గాలంటే ముందుగా వాడే మందు అదే. మొదలుపెట్టి మధ్యలో సొంతంగా ఆపేస్తే వాపు నల్లగుడ్డు మధ్యలోకి చేరి, మచ్చ పడి, చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

లాసిక్‌లో కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) పైభాగాన్ని మూతలా లేపి, లేజర్ కొట్టి మళ్లీ పరుస్తారు. బయటికి మానినట్టే కనిపిస్తుంది గానీ ఆ రెండు పొరల మధ్య సందు పదేళ్లయినా గట్టిగా అతుక్కోదు. మళ్లీ ఏదైనా ఆపరేషన్ జరిగినా, పైన చిన్న గీత పడినా తెల్ల రక్తకణాలు ఆ సందులోకి చేరొచ్చు. దీన్ని డీఎల్‌కే (డిఫ్యూజ్ లామెల్లార్ కెరటైటిస్) అంటారు, మీ డాక్టర్ చెప్పిన వాపు ఇదే. ఇది సూక్ష్మజీవుల వల్ల వచ్చేది కాదు, అయినా ఇన్‌ఫెక్షన్ లేదని డాక్టర్ నిర్ధారించుకోవాలి. మందుకు తగ్గకపోతే పొర లేపి కడుగుతారు, ఆ మాట వింటే టెన్షన్ పడకండి.

అసలు నేను చెప్పాలనుకున్నది ప్రెషర్ గురించి. అచ్చం ఇలాగే కనిపించే ఇంకో సమస్య ఉంది, ప్రెషర్ ఎక్కువై ఆ సందులో నీరు చేరడం. దానికి స్టెరాయిడ్ పనిచేయదు సరికదా, ఇంకా చెడగొడుతుంది. ఆపరేషన్ తర్వాత మామూలుగా ప్రెషర్ తక్కువే ఉంటుంది కాబట్టి మీకు అది కాకపోవచ్చు, కానీ కొత్తగా చేసిన దారి మూసుకుపోయినా, స్టెరాయిడ్ వల్ల ప్రెషర్ పెరిగినా రావచ్చు. తిరకాసు ఎక్కడంటే, లాసిక్‌తో కార్నియా పలచబడింది కాబట్టి ప్రెషర్ కొలిచే మిషన్ అసలే తక్కువ చూపిస్తుంది, నీరు చేరితే ఇంకా తక్కువ చూపిస్తుంది. ప్రెషర్ 14 అని, అంటే మామూలుగానే వచ్చిందని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఈసారి వెళ్లినప్పుడు నల్లగుడ్డు మధ్యలోనే కాదు, అంచున కూడా ప్రెషర్ చూడమనండి, కంటి పొరలను చూపించే ఓసీటీ స్కాన్‌లో సందులో నీరుందో లేదో తెలిసిపోతుంది. ఇలా అడిగితే డాక్టరుకు కోపమొస్తుందని మొహమాటపడొద్దు.

మీ స్టెరాయిడ్ చుక్కలు ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ అయితే మందు అడుగున పేరుకుంటుంది, సీసా బాగా ఊపకపోతే మీరు వేసుకునేది చాలావరకు నీళ్లే. రెండో రకం చుక్కలుంటే మధ్యలో 5 నిమిషాలు ఆగండి. కాజీపేట రోడ్డు దుమ్ములో బండి మీద తిరగకండి, కన్ను నలపకండి. నొప్పి, పుసి, ఎరుపు పెరిగినా, చూపు ఒక్కసారిగా తగ్గినా ఆపరేషన్ చేసిన చోటికి అదే రోజు వెళ్లండి, అక్కడ ఎవరూ దొరక్కపోతే వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, తెల్లారేదాకా ఆగొద్దు.

ఎడమ కంటికీ లాసిక్ అయి ఉంటే, దానికి ఏ ఆపరేషన్ చేసినా ఆ సంగతి ముందే చెప్పండి, పాత లేజర్ కాగితాలుంటే వెంట తీసుకెళ్లండి.