కొత్త నీళ్లు పోసేటప్పుడే జాగ్రత్త, బిడ్డా

బిడ్డా,

ఫోటో చూశాను, చేపల ట్యాంక్ బాగుంది, రెండడుగుల సైజు మీ కాజీపేట రూముకి సరిగ్గా సరిపోయింది. కానీ ప్రతి ఆదివారం మొత్తం నీళ్లు తీసేసి, గులకరాళ్లు కడిగి, మళ్లీ నల్లా కింద నింపుతున్నానని రాశావు చూడు, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. మురికికి చచ్చే చేపలకంటే మనం ఒక్కసారిగా పోసే కొత్త నీళ్లకు చచ్చేవే ఎక్కువని నా లెక్క.

ముందు ఎన్ని నీళ్లో చూడు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంక్ అంచుదాకా నింపితే 56 లీటర్లు, రాళ్లూ పైన ఖాళీ తీసేస్తే ఓ 45. అందులో నాలుగోవంతు మార్చితే వారానికి చాలు, అంటే 11, 12 లీటర్లు, ఒక్క బకెట్ పని. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద మాత్రం కడగొద్దు. చేపల మలం నుంచి వచ్చే అమ్మోనియాను తినే బాక్టీరియా అందులోనే కాపురం ఉంటుంది, క్లోరిన్ తగిలితే చస్తుంది. తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండేసి పెట్టు.

సెలవులకు ఊరికి పోయి రెండు మూడు నెలలు ట్యాంక్‌ని పట్టించుకోలేదనుకో. వచ్చీ రాగానే శుభ్రం చేద్దామని సగానికి పైగా తోడి బోరు నీళ్లు పోస్తాం, తెల్లారేసరికి చేపలు తేలుతాయి, నీళ్లలో ఏదో విషం ఉందనుకుంటాం. జరిగేది వేరు. పాతబడ్డ నీళ్లు మెల్లగా పులుపు వైపు తిరుగుతాయి, ఆ పులుపులో అమ్మోనియా చేపకు పెద్దగా హాని చేయని రూపంలో ఉంటుంది. మన దగ్గర చాలా బోర్లలో నీళ్లు గట్టి నీళ్లు, గిన్నెలకు తెల్లటి చార పట్టే రకం, క్షార గుణం ఎక్కువ. అవి ఒక్కసారి పడగానే పీహెచ్, అంటే నీళ్ల పులుపు, క్షారం చెప్పే కొలత, పైకి లేస్తుంది, అప్పటిదాకా ఊరికే ఉన్న అమ్మోనియా విషంగా మారి మొప్పల్ని కాలుస్తుంది. అందుకే అలాంటి ట్యాంక్‌లో రోజు విడిచి రోజు పదోవంతు చొప్పున మార్చుకుంటూ రావాలి, తొందరపడితే పని చెడుతుంది.

మీకు వచ్చే నల్లా నీళ్ల సంగతి వేరు. ధర్మసాగర్ నుంచైనా వడ్డేపల్లి చెరువు నుంచైనా ఫిల్టర్ బెడ్‌లో శుద్ధి చేసి క్లోరిన్ కలిపే వదులుతారు. తాగే నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశ ప్రమాణం, మనకది మంచిదే గానీ చేప మొప్పలకు కాదు. వానాకాలం నీళ్లు బురదగా వస్తే క్లోరిన్ ఇంకాస్త ఎక్కువే పడుతుంది, వాసన తెలిసిపోతుంది కూడా. ముందురోజే బకెట్‌లో పట్టి, మూత పెట్టకుండా, గాలి బుడగలు వదిలే ఎయిర్ పంపు రాయి వేసి ఉంచు, మరునాటికి క్లోరిన్ పోతుంది. టైం లేకపోతే షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసినంతే వెయ్యి. బోరు నీళ్లయినా ఇలాగే గాలి పట్టించు, భూమిలోంచి వచ్చే నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. రాగి బిందెలో మాత్రం పట్టొద్దు బిడ్డా. మనం ఆరోగ్యమని తాగుతాం గానీ రాగి చేపలకు, అంతకంటే ఎక్కువగా నత్తలకు, రొయ్యలకు విషం. సర్ఫు తగిలిన బకెట్ కూడా వద్దు.

వేడి సంగతి మర్చిపోకు. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంక్ నీళ్లతో స్నానం చేయగలవా? చేప కూడా చేయలేదు. పొద్దున్నే పట్టిన నీళ్లు నీడలో ఉంచి వాడు. సంక్రాంతి చలికి అదే నీళ్లు జిల్లుమంటాయి, కాస్త వేణ్నీళ్లు కలుపు. ట్యాంక్ నీళ్లకూ కొత్త నీళ్లకూ ఒకటి రెండు డిగ్రీల తేడా వరకే ఫర్వాలేదు, చెయ్యి పెట్టి చూసే లెక్క కాదు, చిన్న థర్మామీటర్ కొనుక్కో.

పోసేటప్పుడు ముందు ఫిల్టర్, హీటర్ ప్లగ్గులు తీసెయ్. హీటర్ ఆపాక పావుగంట ఆగే నీళ్లు తోడు, లేకపోతే వేడి గాజు గొట్టం బయటపడి చల్లటి నీళ్లు తగలగానే పగులుతుంది. ట్యాంక్‌లో ఒక సాసర్ పెట్టి దాని మీద చెంబుతో మెల్లగా పొయ్యి, రాళ్ల కింది చెత్త లేవదు. నడుము నొప్పి అనిపిస్తే కొత్త కూలర్ మోటర్ ఒకటి తెచ్చి బకెట్‌లో వేసి సన్న పైపుతో ఎక్కించు, మీ టేబుల్ ఎత్తుకు హాయిగా ఎక్కుతుంది. కూలర్‌లో వాడిన పాతది వద్దు. మోటర్ నడుస్తుండగా బకెట్‌లో చెయ్యి పెట్టొద్దు.

నింపాక ఒక అరగంట చూస్తూ ఉండు. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నా, రెక్కలు ముడుచుకున్నా వెంటనే గాలి పెంచు, చుక్కలు వేశావో లేదో గుర్తు తెచ్చుకో. షాపువాళ్లు ప్రతిసారీ అంటగట్టే నీలం మందు నీళ్లు మార్చినప్పుడల్లా అక్కర్లేదు, అది రోగం వచ్చినప్పుడు వేరే గిన్నెలో వాడేది, ట్యాంక్‌లో పోస్తే ఆ మంచి బాక్టీరియాకే దెబ్బ.

ఇంకోటి, ఎండాకాలం నీళ్లు ఆవిరై తగ్గితే పైపైన నింపడం నీళ్లు మార్చినట్టు కాదు. ఆవిరి పోతుంది, ఉప్పులు లోపలే మిగులుతాయి. అలా తగ్గినంత మేరకు ఆర్వో నీళ్లు పొయ్యి, వారం వారం మార్చే బకెట్‌కి మాత్రం మామూలు నీళ్లే.

మీ పెద్దబాపు