దేవమాలి ఎక్కే అల్లుడికి, పొయ్యి సంగతి

రాయగడ

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

కొండ మీద వంటకి ఏది కొనాలంటూ నువ్వు పంపిన రెండు గ్యాసు స్టవ్వుల ఫోటోలూ చూశాను. 75 గ్రాములదాని మీద నీ మనసు పడింది. గ్యాసు డబ్బా నెత్తిన బిగించుకునే ఆ బుల్లి పొయ్యి ఇంటి వరండాలో బాగానే మండుతుంది. మీరు ముగ్గురూ వెళ్ళేది ఒడిశాలోని దేవమాలి, అదీ డిసెంబరులో. 1672 మీటర్ల కొండ, పైన గడ్డి తప్ప చాటు అనేది లేదు. అక్కడ పొయ్యికి మొదటి శత్రువు బరువు కాదు, గాలి.

చుట్టూ రేకు అడ్డం పెడితే సరి అనుకుంటావు. డబ్బా మీద కూర్చునే పొయ్యికి ఆ పని చెయ్యకూడదు. రేకు లోపల వేడి డబ్బాకి తగిలి, లోపలి ఒత్తిడి పెరిగి అది పేలే ప్రమాదం ఉంది. గాలి వచ్చే వైపు మాత్రమే అడ్డం పెట్టి, మిగతా వైపులు వదిలెయ్యాలి. మధ్యమధ్య డబ్బాని చేత్తో తాకి చూడు. చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపిస్తే వెంటనే ఆర్పెయ్. వెడల్పు గిన్నె పెట్టినా అంతే, దాని అడుగు నుంచి సెగ కిందికి కొడుతుంది.

అందుకే ట్యూబు ఉన్న రకం కొనమంటాను. నేలమీద మూడు కాళ్ళతో కూర్చుంటుంది, డబ్బా జానెడు దూరంలో పక్కన ఉంటుంది. బరువు ఇంకో నూరూ నూటయాభై గ్రాములు పెరుగుతుంది, పెరగనీ. దాని చుట్టూ రేకు పూర్తిగా తిప్పొచ్చు, కింద రెండు వేళ్ళ సందు వదిలితే చాలు. ముగ్గురి గిన్నె పెట్టినా ఒరగదు. నువ్వొక్కడివే వెళ్ళి టీ, అటుకులతో సరిపెట్టుకునేటట్టయితే బుల్లిదే కొనుక్కోమందును.

ఇక డబ్బా. హోటళ్ళలో టేబుల్ పొయ్యికి పెట్టే పొడుగు డబ్బా చవక, కానీ దాన్లో ఎక్కువగా ఉత్త బ్యూటేనే ఉంటుంది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. మండుతున్నప్పుడు డబ్బా తనంతట తనే చల్లబడుతుంది కూడా. కోరాపుట్ పీఠభూమి మీద డిసెంబరు తెల్లవారుజామున మంట వత్తిదీపంలా నీరసపడేది అందుకే. మర బిగించే రకం డబ్బా కొను. లేబుల్ మీద ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసి ఉన్నాయో లేదో చదివి కొను: ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. అప్పటికీ నీరసంగా ఉంటే రాత్రి డబ్బాని దుప్పట్లో పెట్టుకో, పొద్దున్న గోరువెచ్చని నీళ్ళున్న పళ్ళెంలో నిలబెట్టు. మరిగే నీళ్ళు వద్దు. డబ్బాని తలకిందులు చేసి వాడే పద్ధతి ఒకటుంది. అది మంటలోంచి వెళ్ళే ఇత్తడి గొట్టం ఉన్న పొయ్యికే, మిగతావాటికి చేస్తే మంట ఎత్తుగా లేస్తుంది.

వంటింటి సిలిండరు నుంచి ఈ చిన్న డబ్బా నింపిస్తామనేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. ఆ పని మాత్రం చెయ్యకు. ఆ గ్యాసు ఒత్తిడికి ఈ పల్చటి రేకు చేసింది కాదు.

ఎంత కావాలో లెక్క: గాలి లేనిచోట లీటరు నీళ్ళు మరగడానికి సుమారు 15 గ్రాములు, గాలిలో 25 అనుకో. ముగ్గురికి రెండు రోజుల్లో టీ, అంబలి, ఉప్మా, రాత్రి అన్నం అన్నీ కలిపి ఆరు లీటర్ల పని. అంటే 90 నుంచి 150 గ్రాములు. 230 గ్రాముల డబ్బా ఒకటి చాలు. వాడిన డబ్బాలో ఎంత మిగిలిందో ఊపి చెప్పలేం. కొత్తదాని తూకం పైన రాసిపెట్టుకుని, తర్వాత కాటా మీద పెడితే తెలుస్తుంది.

కందిపప్పు జోలికి పోకు. ఆ ఎత్తులో నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కుక్కరు లేకుండా పప్పు ఉడికేలోపు డబ్బా అయిపోతుంది. బియ్యం అరగంట నానబెట్టు, మూత పెట్టి ఐదారు నిమిషాలు ఉడికించి దింపి, తువ్వాలు చుట్టి ఇరవై నిమిషాలు వదిలెయ్. రవ్వ ఇంట్లోనే వేయించి పోపు కలిపి తెచ్చుకో. అంబలికి చోడిపిండి, అదే రాగిపిండి, చన్నీళ్ళలో కలిపి మరిగే నీళ్ళలో పోయ్, లేకపోతే ఉండలు కడుతుంది.

స్పిరిట్ పొయ్యి తేలికే, అరలీటరుకి 20 మిల్లీలీటర్లు పడుతుంది. కానీ పగటి ఎండలో దాని మంట కనబడదు, ఆరిందనుకుని మళ్ళీ పోస్తే సీసాకే అంటుకుంటుంది. డిసెంబరుకి అక్కడి గడ్డి ఎండిపోయి ఉంటుంది, అందుకని వద్దు. కిరోసిన్ పంపు స్టవ్వు కిలో పైమాటే. పుల్లల మంటంటావా, రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం.

బయల్దేరే ముందు పెరట్లో ఒకసారి బిగించి చూడు. కుళాయి మూసి, డబ్బా నిలువుగా ఉంచి, చేత్తోనే తిప్పు. మర అడ్డంగా పడితే గ్యాసు బుస్సుమంటుంది. పొయ్యి మర లోపలి నల్ల రబ్బరు వాషరు పగలకుండా ఉండాలి. అతుకుల మీద సబ్బునీళ్ళు రాయి, బుడగ వస్తే ఆ పొయ్యి పక్కన పెట్టెయ్. గ్యాసు కన్నంలో పిన్ను గుచ్చకు, అది పంపు స్టవ్వు వైద్యం. కన్నం పెద్దదై మంట పసుపుపచ్చగా, మసిగా వస్తుంది. పొయ్యికున్న లైటరు మంచులో పనిచెయ్యకపోవచ్చు, అగ్గిపెట్టె ప్లాస్టిక్ సంచిలో పెట్టుకో. ఎంత చలైనా గుడారం లోపల వెలిగించకు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

మరొకటి. విశాఖ నుంచి కోరాపుట్ రైల్లో వస్తావేమో, గ్యాసు డబ్బా రైలెక్కనివ్వరు. డబ్బాని వారం ముందే మన ఇంటికి తెప్పించు, ఇక్కడి నుంచి నా జీపులో సిమిలిగుడ దాకా తెచ్చిస్తాను. ఖాళీ డబ్బా కొండ మీద పారెయ్యకుండా నాకే తెచ్చివ్వు.

ఇట్లు,
మావయ్య