చికెన్ మానేసి పప్పులకు మారితే పొట్ట బాగుపడుతుందా?

జిమ్ మొదలుపెట్టాక చికెన్, గుడ్లు తినడం పెంచానని, మలబద్ధకం పట్టుకుందని, పూర్తిగా పప్పులకు మారితే పొట్టలోని మంచి బ్యాక్టీరియా పెరుగుతుందా అని ఒకరు అడిగారు. నేను రెండు వైపులా దెబ్బ తిన్నవాణ్ణి, అందుకే రాస్తున్నా.

మూడు నెలలు మాంసం, గుడ్లు, పైన రెండు స్కూపుల వే ప్రొటీన్ (పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి). కండలు వచ్చాయో లేదో గానీ గ్యాస్ మాత్రం వచ్చింది. ఒకరోజు లిఫ్ట్‌లో పక్కాయన ఫోన్‌లోంచి తలెత్తి ముక్కు ఎగబీల్చాడు. నేను అమాయకంగా ఫ్యాన్ వైపు చూశాను.

తిన్న ప్రొటీన్‌లో చాలావరకు చిన్నపేగులోనే అరుగుతుంది. మిగిలిన కాస్త పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియాకు పీచు దొరికితే దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు ఇస్తుంది. పెద్దపేగు లోపొర కణాలకు అదే ముఖ్యమైన ఇంధనం. పీచు దొరక్కపోతే ప్రొటీన్ మీద పడుతుంది. అప్పుడు అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువగా తయారవుతాయి. ఆ కుళ్ళిన గుడ్డు వాసన ఈ రెండోదే.

2014లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో కొందరికి ఐదు రోజులు మాంసం, గుడ్లు, చీజ్ మాత్రమే పెట్టారు. ఆ కొద్ది రోజుల్లోనే పైత్యరసాన్ని తట్టుకునే బైలోఫిలా లాంటి బ్యాక్టీరియాలు పెరిగాయి. మొక్కల పీచును అరిగించేవి తగ్గాయి. దీన్ని చూపించి మాంసం విషం అనేవాళ్ళున్నారు. కానీ ఆ భోజనంలో పీచు దాదాపు సున్నా, కొవ్వు దండిగా ఉంది. తప్పంతా ప్రొటీన్ మీదకు నెట్టడం నాకైతే సబబుగా అనిపించలేదు.

నేను చేసిన రెండో తప్పు, ఒకేసారి చికెన్ మానేసి పూటకో గిన్నె రాజ్మా, శనగలు తినడం. నాలుగో రోజుకు పొట్ట డోలు అయింది. వాటిలోని రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలను అరిగించే ఎంజైమ్ మనకు లేదు, బ్యాక్టీరియాకు ఉంది. గ్యాస్ వచ్చేది అందుకే. మళ్ళీ రెండు చెంచాలతో మొదలుపెట్టి నెల రోజుల్లో పెంచుకుంటూ పోయా. రాత్రంతా నానబెట్టి, ఆ నురగ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో మెత్తగా ఉడికిస్తే ఆ చక్కెరలు కొంత పోతాయి. నీళ్ళు కూడా ఎక్కువ తాగండి.

ఇప్పుడు గుడ్లు తింటున్నా, చికెన్ కూడా. పక్కన పప్పో కూరగాయలో ఉండాల్సిందే. ప్లాంట్ ప్రొటీన్ పౌడర్ కొంటే సరిపోతుందనుకోకండి, సోయా ఐసోలేట్‌లో, అంటే సోయా నుంచి ప్రొటీన్ మాత్రమే వేరుచేసిన పొడిలో, పీచు దాదాపు ఉండదు. షేక్ తాగిన గంటకే ఉబ్బరమైతే వే ప్రొటీన్‌లోని లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) పడట్లేదేమో, కొన్నాళ్ళు ఆపి చూడండి. మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఈ ప్రయోగాలన్నీ పక్కనపెట్టి డాక్టర్‌ను కలవండి.