స్విచ్ వేసే ముందు నాకు ఫోన్ చెయ్యి

బంగారూ,

నువ్వు సొంతంగా కంప్యూటర్ బిగించుకుంటున్నావని మీ నాన్న చెప్తే భలే గర్వంగా అనిపించింది. ఆ వెంటనే "పవర్ సప్లై సెకండ్‌హ్యాండ్‌లో దొరికిందట, కేబుళ్లు లేవట, అవి ఫ్రెండ్ ఇస్తుందట" అన్నాడు చూడు, నా గుండె గుభేలుమంది. రాత్రి నిద్ర పట్టలేదు. నీకు చాదస్తంగా అనిపించినా సరే, చివరిదాకా చదువు.

పవర్ సప్లై అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు పంచే డబ్బా కదా, దాని మీద పెద్దక్షరాల్లో ఉన్న వాట్లు చూసి మురిసిపోకు. పక్కన అంటించిన చీటీలో 12 వోల్టుల దగ్గర మొత్తం ఎన్ని ఆంపియర్లో చూసి, 12తో హెచ్చవేసుకో. పైన 500 అని ఉండి అక్కడ 18 ఆంపియర్లే ఉంటే, నీ ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ కలిపి దక్కేది 216 వాట్లే. నీ ప్రాసెసర్ 125, కార్డు 220, మిగతావన్నీ ఓ 60 అనుకో, 405 అయింది. అలాగని 450 చాల్లే అనుకునేవు! బూస్ట్‌లో, అంటే వేగం పెంచుకున్నప్పుడు, 200 దాటే ప్రాసెసర్లున్నాయి, కార్డులైతే రెప్పపాటు కాలం చెప్పినదానికన్నా చాలా ఎక్కువ గుంజుతాయి, అప్పుడు ఆట మధ్యలో టప్పున ఆరిపోతుంది. మంచిది 650 తీసుకో. వెయ్యి వాట్లది కొని గొప్పలు పోనక్కర్లేదు. డబ్బా మీద 80 ప్లస్ గోల్డ్ అని ముద్ర ఉంటే కరెంటు తక్కువ వృథా అవుతుందని, అంతే, లోపలి సరుకు గట్టిదని కాదు.

ఇక కేబుళ్ల సంగతి. నా పాత కంప్యూటర్‌లో పవర్ సప్లై ఫ్యాను మూలుగుతుంటే కొత్తది తెచ్చాను. రెండూ కేబుళ్లు ఊడదీసే రకమే. పాత కేబుళ్లు వెనకాల ఒద్దికగా కట్టి ఉన్నాయి, మళ్లీ అవన్నీ విప్పాలంటే బద్ధకమేసి, డబ్బా మాత్రం మార్చి వాటినే గుచ్చాను. టిక్కుమని కూర్చున్నాయి. కూర్చుంది కదా, సరైనదే అనుకున్నాను. కానీ డిస్కు వైపు ఉండే పిన్ను అందరికీ ఒకటే గానీ, పవర్ సప్లై వైపు ఏ తీగ ఎక్కడ ఉండాలో ఎవరిష్టం వాళ్లది, ఒకే కంపెనీలో రెండు మోడళ్లకే తేడా ఉండొచ్చు. 5 వోల్టులు వెళ్లాల్సిన తీగలోకి 12 వెళ్లాయి. స్విచ్ వేశానో లేదో సన్నగా కాలిన వాసన. హార్డ్ డిస్కుకి చెవి ఆనించి విన్నాను, తిరుగుతున్న చప్పుడే లేదు. డేటా తీసేవాళ్లకి ఇస్తే, పైన బోర్డే కాదు, లోపల చదివే తల కూడా పోయిందన్నారు.

నువ్వు మొదటిసారి బుడిబుడి అడుగులేసినప్పటి ఫోటోలు ఏవని అడిగేదానివి, గుర్తుందా? అవి అందులోనే ఉన్నాయే. ఇంకో కాపీ లేదు, కెమెరా కార్డు అప్పటికే చెరిపేశాను. మీ నాన్నతో మాత్రం డిస్కు పాతదై పోయిందని చెప్పాను. ఇన్నేళ్లూ అదే అబద్ధం.

అందుకే ఆ ఫ్రెండ్ ఇచ్చే కేబుళ్లు ముట్టుకున్నావో, ఊరుకోను! డబ్బాతో వచ్చినవే వాడు, లేకపోతే ఆ డబ్బానే వద్దు, కొత్తదానికి డబ్బులు నేనిస్తాను. ప్రాసెసర్ కేబుల్‌కి 4+4 పిన్నులు, కార్డుదానికి 6+2, ఒకదాని చోట ఇంకోదాన్ని బలవంతంగా తొయ్యకు. పవర్ సప్లై మూత మాత్రం ఎప్పటికీ విప్పకు, ప్లగ్ తీసేసినా లోపల షాక్ దాక్కుని ఉంటుంది.

స్విచ్ వేసే ముందు వీడియో కాల్ చేసి ప్రతి కేబుల్‌కీ రెండు చివర్లూ చూపించు. అర్ధరాత్రయినా పర్లేదు.

ఈ ఉత్తరం మీ నాన్నకి చూపించకు. సరేలే, చూపించినా చూపించు.

మీ అత్త