ముందు చేతి లేత్, ఆ తర్వాతే సీఎన్‌సీ

ప్రశ్న: మా బాబుకు 18 నిండాయి. ఈసారి ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు, బీటెక్ వద్దంటున్నాడు. మా ఆయన మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనిచేస్తారు. షాఫ్ట్‌లు, బుష్‌లు చేయించడానికి ఆయన వెంట లేత్ షాపుకు పోయి పోయి పిల్లవాడికి ఆ పని మీద మనసు పడింది. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 45 రోజుల్లో సీఎన్‌సీ ప్రోగ్రామింగ్ నేర్పి ఉద్యోగం ఇప్పిస్తామని 40 వేలు అడుగుతున్నారు. కట్టమంటారా? – ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, ఆ డబ్బు ఇప్పుడే కట్టకండి. బాబు ఎంచుకున్నది మంచి పని. కాకపోతే ఆ పనిని చివరి నుంచి మొదలుపెట్టమంటున్నారు వాళ్లు.

సీఎన్‌సీ లేత్ అంటే కంప్యూటర్ నడిపే లేత్. అది కూడా బాబు చూసిన లేతే. చక్ అనే పట్టులో బిగించిన జాబ్ (తయారుచేసే ముక్క) తిరుగుతుంటే టూల్ దాన్ని కోస్తుంది. మీ ఊళ్లో మేస్త్రీ చేత్తో చక్రం తిప్పి టూల్‌ను జరుపుతాడు, సీఎన్‌సీలో ఆ పని ప్రోగ్రాం చేస్తుంది. జీ00 అంటే టూల్ గాలిలో వేగంగా పోవడం, జీ01 అంటే చెప్పిన ఫీడ్‌తో, అంటే చెప్పిన వేగంతో, కోస్తూ పోవడం. ఎం03కి స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) తిరుగుతుంది, ఎం30కి ప్రోగ్రాం ముగుస్తుంది. ప్రోగ్రాంలో ఎక్స్ అంటే వ్యాసం, జెడ్ అంటే పొడవు. ఎంపీసీ చదివిన పిల్లవాడికి ఈ కోడ్‌లు కొన్ని వారాల్లో వచ్చేస్తాయి. కష్టమంతా వేరే చోట ఉంది.

ఒక షాఫ్ట్ తీసుకోండి. డ్రాయింగ్‌లో వ్యాసం 29.98 నుంచి 30.00 మిల్లీమీటర్ల మధ్య ఉండాలని ఉంది. మొదటి పీసు తీసి, సన్నని కొలతలు తీసే మైక్రోమీటర్ పెడితే 30.05 వచ్చింది. కొత్తవాడు ప్రోగ్రాం తెరిచి అంకెలు మార్చబోతాడు. పని తెలిసినవాడు ప్రోగ్రాం ముట్టుకోడు. ఆ టూల్ వేర్ ఆఫ్‌సెట్‌లో, అంటే టూల్ అరుగుదలను సరిచేసే అంకెలో, మైనస్ 0.06 వేస్తాడు, తర్వాతి పీసు 29.99కి వస్తుంది. కొన్ని పదుల పీసులయ్యాక ఇన్సర్ట్ (టూల్ కొనలో కోసే ముక్క) అరిగి సైజు మళ్లీ పెరుగుతుంటే, అది కూడా కొలతలోనే పసిగడతాడు. మైక్రోమీటర్ ఎంత బిగించాలో తెలియని చేతికి మాత్రం అదే షాఫ్ట్ ఒకసారి 30.05, ఇంకోసారి 30.02 చూపిస్తుంది. అప్పుడు ఆఫ్‌సెట్‌లో ఏ అంకె వేసినా తప్పే.

ఇంకో సంగతి. ఫానక్ అనేది సీఎన్‌సీ మిషన్‌ను నడిపే కంట్రోల్ బ్రాండ్. చాలా ఫానక్ కంట్రోల్స్‌లో 50 తర్వాత పాయింట్ పెట్టకుండా ఎక్స్50 అని కొడితే, మిషన్ దాన్ని 0.05 మిల్లీమీటర్‌గా తీసుకుంటుంది. టూల్ తిన్నగా జాబ్ మధ్యలోకి దూసుకుపోతుంది. అందుకే చేయి తిరిగినవాడు కొత్త ప్రోగ్రాంను ర్యాపిడ్ (గాలిలో పోయే వేగం) తగ్గించి, సింగిల్ బ్లాక్‌లో ఒక్కో లైనే నడిపిస్తాడు, వేలు టూల్‌ను ఆపే ఫీడ్ హోల్డ్ బటన్ మీదే ఉంచుతాడు. ఆ భయం చేతి లేత్ మీద పనిచేస్తేనే వస్తుంది.

కాబట్టి ఐటీఐలో టర్నర్ గానీ మెషినిస్ట్ గానీ చేయించండి. రెండూ రెండేళ్ల ట్రేడ్‌లు, పదో తరగతి అర్హత చాలు. నల్లగొండ అయినా, ఇంకెక్కడైనా, చేర్చే ముందు వర్క్‌షాప్ మీరే స్వయంగా చూసి రండి. లేత్‌ల కింద ఇనుప చిప్స్ రాలి ఉంటే అక్కడ పని నడుస్తున్నట్టు. మిషన్లకు కవర్లు కప్పి, నేల అద్దంలా ఉంటే ఇంకో ఐటీఐ చూడండి. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. వాటిలో సీఎన్‌సీ కోర్సు ఎక్కడుందో కూడా అడగండి.

ఐటీఐ తర్వాత ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా పని నేర్చుకోవాలి. చౌటుప్పల్, కొత్తూరు, బాలానగర్, చర్లపల్లి, ఎక్కడ దొరికినా సరే. ప్రోగ్రామింగ్ కోర్సుకు డబ్బు పెట్టాల్సింది అప్పుడు. బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్)లో సీఎన్‌సీ షార్ట్ టర్మ్ కోర్సులు ఉంటాయి. ఉద్యోగంలో ముందు ఆపరేటర్, తర్వాత సెట్టర్ (మిషన్‌కు టూల్స్ బిగించి సరిచేసేవాడు), ఆపైన ప్రోగ్రామర్. మొదట్లో జీతం తక్కువే, నైట్ షిఫ్ట్‌లు ఉంటాయి, గంటల తరబడి నిలబడాలి. ఇది బాబుకు ముందే చెప్పండి. చదువు దారి కూడా మూసుకుపోదు. ఐటీఐ అయ్యాక ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.

అడ్మిషన్ వచ్చేదాకా, మీ ఆయనకు తెలిసిన లేత్ మేస్త్రీని అడిగి బాబును రోజూ పంపండి. టూల్ సాన పట్టడం, వెర్నియర్ చదవడం అక్కడే వస్తాయి. తిరిగే మిషన్ దగ్గర గ్లవ్స్ వేసుకోవద్దని, చక్ తాళం చక్‌లో వదలొద్దని, చుట్టలు చుట్టలుగా వచ్చే చిప్స్‌ను చేత్తో లాగొద్దని మొదటి రోజే గట్టిగా చెప్పండి.

ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే ఒక్క మాట అడగండి: ఈ 45 రోజుల్లో మా బాబు తన చేత్తో ఎన్ని జాబ్‌లు కోస్తాడు? అంతా కంప్యూటర్‌లో సిమ్యులేటర్ మీదే అంటే, అలాంటి సిమ్యులేటర్లు ఉచితంగానే దొరుకుతాయి. ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు.